మందుల సంచి విప్పడం నేర్చుకునే చదువు

కరీంనగర్‌లో ఏ పెద్ద దవాఖానకైనా పొద్దున్నే పోయి మెడికల్ వార్డులో నిలబడండి. దిండు కిందో, మంచం కడ్డీకి వేలాడుతూనో ఒక క్యారీబ్యాగు కనిపిస్తుంది. సగం వాడిన గోలీల పట్టీలు, జిగురు కారిన టానిక్ సీసా, మడతలు పడి చిరిగిన చీటీలు, ఎప్పటిదో ఒక రక్త పరీక్ష కాగితం అందులో ఉంటాయి. రోగికి ఇప్పుడు ఏమైందో కేస్ షీటులో రాసి ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆమె ఏమేం మింగుతూ వచ్చిందో తెలియాలంటే ఆ సంచి విప్పాలి. ఫార్మసీ విద్యార్థికి దవాఖానలో మొదటి పాఠం ఆ సంచి దగ్గరే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇలాంటి వార్డుల్లో రోజూ కనిపించే పెద్దవ్వల్లో ఒకరిని అనుకుందాం. డెబ్బై ఏళ్లు. జగిత్యాల వైపు పల్లె. మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరి జ్వరంతో చేరింది. ఫార్మ్‌.డి చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"అవ్వా, శక్కర బీమారికి ఏం గోలీలు ఏస్కుంటున్నవ్?"

"తెల్లది పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి. మా కొడుకు దుబాయ్‌కెల్లి పంపింది సుత ఏస్కుంట బిడ్డా. అది మంచి మందట."

సంచిలోంచి రెండూ బయటికొచ్చాయి. ఊళ్లో మెడికల్ షాపులో కొన్న పట్టీ మీద గ్లైకోమెట్ అని ఉంది. అరబ్బీ అక్షరాలున్న డబ్బా మీద గ్లూకోఫేజ్ అని ఉంది. పేర్లు వేరు, రంగులు వేరు, దేశాలు వేరు. రెండింటి లోపలున్నది మాత్రం ఒక్క మెట్‌ఫార్మినే. అవ్వ కొన్నాళ్లుగా ఒకే మందును రెండింతలు మింగుతోంది. నెల రోజులుగా ఆకలి లేదని, కడుపులో తిప్పుతోందని, విరేచనాలు పలచగా అవుతున్నాయని ఆమె చెప్పిన మాటకు కారణం అదే కావచ్చు.

ఇది ఉత్తర తెలంగాణ సంచి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయిన కొడుకో అల్లుడో ఉన్న ఇళ్లు ఎన్నో. సెలవుకు వచ్చేటప్పుడు తెచ్చే వస్తువుల్లో మందులూ ఉంటాయి. జ్వరానికి అక్కడి పనడోల్, ఇక్కడి డోలో రెండూ పారాసిటమాలేనని తెలియక రెండూ వేసుకునేవాళ్లు ఉంటారు. వీటికి తోడు మోకాళ్ల నొప్పులకు ఊళ్లో కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చిన పేరులేని గోలీలు, తెలిసినవాళ్లు ఇచ్చిన నాటుమందు పొడి కూడా సంచిలో ఉంటాయి. ఏ పాఠ్యపుస్తకమూ ఈ సంచిని ఉన్నదున్నట్టు వర్ణించదు. విద్యార్థి అక్కడ కూర్చుని, ఒక్కొక్కటీ బయటికి తీసి, "ఇది ఎందుకు ఏస్కుంటున్నవ్, ఎప్పటిసంది, ఎవలిచ్చిండ్రు" అని అడిగి రాసుకోవాల్సిందే. ఆ జాబితాను డాక్టరు రాసిన మందులతో పోల్చి, రెండుసార్లు వస్తున్నదేది, ఒకదానికొకటి పడనిదేది, ఆగిపోకూడనిది ఏది ఆగిపోయిందో తేల్చాలి. ఆసుపత్రి ఫార్మసీ శిక్షణలో అన్నిటికన్నా విలువైన పని ఇదేనని నాకనిపిస్తుంది. దీనికి యంత్రాలు అక్కర్లేదు. స్టూలు, పెన్ను, ఓపిక ఉంటే చాలు.

రెండో పాఠం లెక్క. అవ్వకు మెరోపెనెమ్ ఇంజెక్షన్ 8 గంటలకోసారి రాశారు. రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.2. ల్యాబ్ కాగితం మీద అది కంగారు పెట్టే అంకె కాదు. కిడ్నీలు బాగానే ఉన్నాయని అనుకోవడం సులభం. కానీ క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. బక్కచిక్కిన ముసలామె ఒంట్లో కండ తక్కువ కాబట్టి, కిడ్నీలు నీరసించినా ఆ అంకె పెద్దగా పెరగదు. అందుకే 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఒక సూత్రం ఇచ్చారు. 140లోంచి వయసు తీసేయాలి. మిగిలినదాన్ని బరువుతో గుణించాలి. క్రియాటినిన్‌ను 72తో గుణిస్తే వచ్చేదానితో దాన్ని భాగించాలి. స్త్రీ అయితే చివర 0.85తో గుణించాలి. అవ్వ వయసు 70, బరువు 45 కిలోలు. 70ని 45తో గుణిస్తే 3150. 72ను 1.2తో గుణిస్తే 86.4. భాగిస్తే సుమారు 36.5, దాన్ని 0.85తో గుణిస్తే 31. అంటే నిమిషానికి 31 మిల్లీలీటర్లు. అదే 1.2 క్రియాటినిన్ ఉన్న పాతికేళ్ల, 65 కిలోల కుర్రాడికి లెక్క వేస్తే 87 దాకా వస్తుంది. కాగితం మీద అంకె ఒక్కటే, కిడ్నీల శక్తి మాత్రం మూడింట ఒక వంతు. 26 నుంచి 50 మధ్య ఉన్నవాళ్లకు మెరోపెనెమ్ 12 గంటలకోసారి చాలని మందు వివరణ పత్రం చెబుతుంది. ఇన్ని రోజులుగా రెండింతలు పడుతున్న మెట్‌ఫార్మిన్‌ను ఈ కిడ్నీలు ఎలా మోస్తున్నాయన్న ప్రశ్న కూడా ఇప్పుడు పెద్దదవుతుంది.

లెక్క వచ్చింది. దాన్ని ఎలా చెప్పాలి? పుస్తకంలో లేని మూడో పాఠం ఇదే. "డోసు తప్పు రాశారు" అని పీజీ డాక్టరుతో అంటే ఆ విద్యార్థిని మర్నాటి నుంచి ఎవరూ దగ్గరికి రానివ్వరు. "సార్, ఏడో మంచం అవ్వకు క్లియరెన్స్ 31 వస్తోంది, మెరోపెనెమ్ 12 గంటలకు మారుద్దామా?" అంటే ఆయన కేస్ షీటు తెరుస్తాడు. ఒప్పుకోకపోవచ్చు కూడా. ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్న మొదటి ఒకటి రెండు రోజులు పూర్తి డోసు ఉంచి ఆ తర్వాత తగ్గిద్దామని ఆయన అనవచ్చు. దానికీ కారణం ఉంటుంది. ఆ కారణాన్ని అడిగి తెలుసుకుని రాసుకున్న విద్యార్థి ఆ రోజు రెండు పాఠాలు నేర్చుకున్నట్టు. చెప్పిన సలహా, దానికి వచ్చిన జవాబు, ఒప్పుకున్నారా లేదా, ఒప్పుకోకపోతే ఎందుకు అన్నవి నోటుబుక్కులో తేదీ వేసి రాయాలి. ఆ నోటుబుక్కును వారానికోసారి చదివి, పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేసే గురువు ఉండాలి. మన దగ్గర అన్నిటికన్నా తక్కువగా దొరుకుతున్నది ఆ గురువే.

ఈ చదువు మనకు కొత్తది. ఫార్మసీ వృత్తికి 1948 నాటి చట్టం ఉన్నా, చాలాకాలం మన ఫార్మసీ చదువులు ఒకవైపు షాపుకు, మరోవైపు మందుల ఫ్యాక్టరీకి మనుషులను తయారు చేశాయి. రోగి మంచం పక్కకు పంపే ఆరేళ్ల ఫార్మ్‌.డి కోర్సుకు భారత ఫార్మసీ కౌన్సిల్ 2008లో నిబంధనలు తెచ్చింది. ఐదేళ్లు చదువు, ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదిలో ఆరు నెలలు జనరల్ మెడిసిన్ విభాగంలో, తర్వాత మరో మూడు విభాగాల్లో రెండేసి నెలల చొప్పున పనిచేయాలి. కోర్సు నడిపే కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రితో ఒప్పందం ఉండాలి. ఏడాదికి 30 మందినే చేర్చుకోవాలి. కాగితం మీద ఇది బలమైన నిబంధనే. వైద్య విద్యార్థి హౌస్ సర్జన్‌గా ఎలా పని నేర్చుకుంటాడో, మందుల విద్యార్థి కూడా అలాగే నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం.

ఆ 2008 ఈ ప్రాంతానికి మరో రకంగా కూడా గుర్తుండే సంవత్సరం. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, ఆదిలాబాద్‌లో రిమ్స్ వైద్య కళాశాల ఆ ఏడాదే మొదలయ్యాయి. అప్పటికి ఉమ్మడి కరీంనగర్‌లో ప్రతిమ, చల్మెడ ఆనందరావు వంటి ప్రైవేటు వైద్య కళాశాలలున్నాయి. ఆదిలాబాద్ వైపు పరిస్థితి వేరు. 300 పడకల షరతు పెడితే ఆ పెద్ద జిల్లాలో కొత్తగా వచ్చిన రిమ్స్ తప్ప వెతుక్కోవడానికి చోట్లే లేవు. అందుకే ఈ చదువు వరంగల్, హైదరాబాద్ పెద్దాసుపత్రుల చుట్టూ పెరిగింది. అడవి జిల్లా రోగుల దగ్గరికి అది చేరలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. ఈ మార్పు మీద జరగాల్సినంత చర్చ జరగడం లేదు. 2016 అక్టోబరులో రెండు ఉమ్మడి జిల్లాలు ఎనిమిది జిల్లాలయ్యాయి. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. రిమ్స్‌తో కలిపితే ఎనిమిది జిల్లాల్లోనూ ఒక్కో సర్కారు బోధనాసుపత్రి ఏర్పడింది. వార్డులున్నాయి, రౌండ్లకు వచ్చే ప్రొఫెసర్లున్నారు, పీజీలు వస్తారు. ఇరవై ఏళ్ల కింద ఫార్మసీ కాలేజీలు కలలో కూడా అనుకోని అవకాశమిది. వైద్య విద్యార్థులకు, నర్సింగ్ విద్యార్థులకు అక్కడ చోటు ముందే రాసిపెట్టి ఉంది. మందుల విద్యార్థికి కూడా చోటు చూపించాలంటే కాలేజీ, ఆసుపత్రి కూర్చుని మాట్లాడుకోవాలి.

చోటు అంటే రౌండ్లలో వెనక వరసలో నిలబడటం కాదు. ఇంటర్న్‌షిప్ చాలాచోట్ల అలాగే గడుస్తుందన్న బాధ విద్యార్థుల మాటల్లో తరచూ వినిపిస్తుంది. ప్రొఫెసరు, పీజీ, హౌస్ సర్జన్, నర్సు, వాళ్ల వెనక తెల్లకోటు వేసుకుని ఏం చేయాలో తెలియని నలుగురు ఫార్మ్‌.డి పిల్లలు. ఎవరూ వాళ్లను ఏమీ అడగరు. కేసు వివరాలు కాపీ చేసుకుని, సాయంత్రానికి ఫైలు నింపి, సంతకం పెట్టించుకుని పోతారు. ఒక్కో విద్యార్థికి రెండు మంచాలు అప్పగించి "ఈ ఇద్దరి మందుల బాధ్యత నీది, రేపు పొద్దున రౌండ్లో మొదట నువ్వే చెప్పాలి" అంటే ఆ పిల్ల రాత్రి నిద్రపోకుండా చదువుతుంది. బాధ్యత లేని శిక్షణతో పని చేతికి రాదు. మగ్గం పక్కన నిలబడి చూస్తే నేత రాదని సిరిసిల్లలో ఎవరినడిగినా చెబుతారు.

వార్డు ఒక సగమే. మిగతా సగం దవాఖాన స్టోర్‌లో ఉంటుంది. ఫార్మ్‌.డి విద్యార్థులు దాన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. తెలంగాణలో సర్కారు దవాఖానలకు మందులు కొని పంపేది రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ. నిల్వల లెక్క ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నడుస్తుంది. ఒక ఆసుపత్రి ఇండెంట్ ఎలా పెడుతుంది, వానాకాలం జ్వరాలకు ముందే ఎంత అడగాలి, గడువు దగ్గరపడ్డ మందును ముందుగా ఎలా బయటికి పంపాలి అన్నవి తెలియని ఫార్మసిస్టు, వార్డులో ఎంత గొప్ప సలహా ఇచ్చినా మందు దొరక్క నిలబడిపోతాడు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. మార్ఫిన్‌కు రెండు తాళాలు, రిజిస్టరు కావాలి. పొటాషియం క్లోరైడ్ గాఢ ఇంజెక్షన్ నేరుగా నరంలోకి పోతే గుండె ఆగుతుంది కాబట్టి దాన్ని మామూలు ఆంప్యూళ్లతో కలిపి పెట్టకూడదు. డోపమిన్, డొబుటమిన్ లాంటి వినడానికి ఒకేలా ఉండే పేర్లను పక్కపక్కన పెట్టకూడదు. ఇవన్నీ అల్మారా సర్దే పనుల్లా కనిపిస్తాయి. ఆ సర్దుడు మీదే వార్డులో మనుషుల ప్రాణాలు ఆధారపడతాయి.

డి.ఫార్మ్ చదివేవాళ్లకు కూడా మూడు నెలలకు తగ్గకుండా 500 గంటల శిక్షణ నిబంధన ఉంది. అందులో కనీసం సగం, అంటే 250 గంటలు, నిజంగా చీటీలు చూసి మందులిచ్చే పనిలో గడపాలన్నది పాత నియమమే. పీహెచ్‌సీల్లో రేపు కౌంటరు దగ్గర నిలబడేది ఎక్కువగా ఈ పిల్లలే. ఆ గంటలు కాగితం మీద గడిస్తే నష్టం రోగికే.

కౌంటరు దగ్గర ఏం తప్పు జరగగలదో ఒక్క సిరంజితో చూపించవచ్చు. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. దేనికి తగిన సిరంజి దానికుంది. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. ఇంట్లో పెన్ను పాడైందని ఎర్ర మూత సిరంజితో కార్ట్రిడ్జ్‌లోంచి 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. తెల్లారేసరికి మనిషి స్పృహ తప్పి ఉంటాడు. తిరగేసి చేస్తే, అంటే 40 సీసాను నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే, పోయేది 8 యూనిట్లే, శక్కర దిగదు. ఈ తేడా నోటితో చెబితే చాలదు. రోగి చేతికి సిరంజి ఇచ్చి "ఏదీ, ఇంటికాడ ఎట్ల తీస్కుంటవో నాకు సూపియ్యి" అనాలి. మనం చెప్పింది వాళ్లకు అర్థమైందా అని అడిగితే అందరూ తలాడిస్తారు. చేసి చూపించమంటేనే తెలుస్తుంది.

ఆదిలాబాద్‌కు పోతే ఆ "సూపియ్యి" అనే మాట కూడా మార్చుకోవాలి. ఊట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వైపు నుంచి వచ్చే రోగులు గోండి, కొలామీ మాట్లాడతారు. పట్టణంలో మరాఠీ, ఉర్దూ కూడా నడుస్తాయి. గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గురువులకు శిక్షణ ఇప్పించారు. ఎనభై ఏళ్ల తర్వాత మందు చీటీ మాత్రం ఆ భాషలో మాట్లాడటం లేదు. వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్ మూడు రోజులతో అయిపోతుంది, ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. జ్వరం మూడో రోజే తగ్గుతుంది కాబట్టి మిగతా గోలీలు ఇంటి చూరులోకి పోతాయి, కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. మరోవైపు, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు అదే ప్రైమాక్విన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. గర్భిణులకు ఇవ్వకూడదు. మూత్రం టీ డికాషన్‌లా నల్లబడితే గోలీ ఆపి వెంటనే దవాఖానకు రావాలి. "మొత్తం వేసుకో" అనే మాట, "ఇలా అయితే ఆపెయ్" అనే మాట రెండూ ఒకే తల్లికి ఒకే గుక్కలో అర్థమయ్యేలా చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. సికిల్‌సెల్ ఉన్న పిల్లలకిచ్చే హైడ్రాక్సీయూరియా కూడా అంతే. ప్రతిరోజూ వేసుకోవాలి, నొప్పి లేని రోజున కూడా. మధ్యమధ్య రక్తకణాల లెక్క చూసుకోవాలి.

ఈ పని నేర్చుకునే విద్యార్థి ఆశా కార్యకర్తను పక్కన పెట్టుకుని, 14 గడులు గీసిన కార్డు మీద ఒక్కో రోజు గోలీ వేసుకున్నాక గీత పెట్టడం నేర్పాలి. గోండిలో ఒక పది వాక్యాలు తనూ నేర్చుకోవాలి. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో ఏడాది గడిపిన విద్యార్థికి దొరకని చదువు ఇది. అందుకే ఫార్మ్‌.డి ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలైనా ఇలాంటి చోట గడపాలని నేనంటాను.

మందు పడక వచ్చిన దద్దుర్లు, వాంతులు, పడిపోయిన ప్లేట్‌లెట్లు కూడా శిక్షణలో భాగమే. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి వాటిని రాసి పంపవచ్చు. ఎవరికి, ఏ మందుతో, ఏమైంది, ఎవరు చెబుతున్నారు అన్న నాలుగు సంగతులుంటే ఫారం నిండినట్టే. 1800-180-3024కు రోగులు కూడా ఫోన్ చేయవచ్చు. మందుల వల్ల జరిగే నివారించగల హానిని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దేశాలన్నిటినీ కోరింది. బ్రిటన్ ఇంకా ముందుకు పోయి, 2026 నుంచి కొత్తగా నమోదయ్యే ఫార్మసిస్టులకు మందు రాసే అర్హత కూడా ఇస్తోంది. మనం అంత దూరం ఇప్పుడే పోనక్కర్లేదు.

కానీ నేర్చుకున్న పని చేయడానికి ఒక కుర్చీ కావాలి. 2024 సెప్టెంబరులో తెలంగాణలో 633 ఫార్మసిస్టు గ్రేడ్-2 పోస్టులకు ప్రకటన వచ్చింది. డి.ఫార్మ్, బి.ఫార్మ్, ఫార్మ్‌.డి చదివినవాళ్లంతా వాటికి అర్హులే. అంటే ఆరేళ్లు చదివి వార్డులో ఏడాది తిరిగిన అమ్మాయి కూడా మందులిచ్చే కౌంటరు ఉద్యోగానికే పోటీ పడాలి. ఆ కౌంటరు పని తక్కువదని కాదు. వార్డులో ఆమె చేసిన పనికి సర్కారు దవాఖానలో పేరున్న పోస్టు కావాలి. ఎనిమిది బోధనాసుపత్రుల్లో మెడికల్ వార్డుకు ఒక్కరి చొప్పున క్లినికల్ ఫార్మసిస్టును పెట్టినా, వాళ్లే తర్వాతి పిల్లలకు గురువులవుతారు.

మన అవ్వకు జ్వరం తగ్గింది. సంచిలో ఇప్పుడు నాలుగు పట్టీలే ఉన్నాయి. కవర్ల మీద పొద్దు బొమ్మ, చందమామ బొమ్మ గీసి ఉన్నాయి. గ్లూకోఫేజ్ డబ్బా పక్కకు తీసేశారు. డాక్టరు ఆమె కిడ్నీలకు తగినట్టు మెట్‌ఫార్మిన్ తగ్గించి రాశాడు. దుబాయ్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాల్ చేసి మందులు పంపొద్దని అమ్మాయే చెప్పింది.

"నెల దినాలకు మల్ల రమ్మన్నరు గదా, అప్పుడు నువ్వే ఉంటవా బిడ్డా?"

అమ్మాయికి ఈ విభాగంలో ఆరు నెలల గడువు వచ్చే శుక్రవారంతో అయిపోతుంది. ఆ తర్వాత ఈ స్టూలు మీద కూర్చునేందుకు ఇంకా ఎవరి పేరూ రాలేదు. ఆమె అవ్వ చీటీ వెనక తన ఫోన్ నంబరు రాసి ఇచ్చింది.